నేలలో పడిన విషం బోరు దాకా ఎప్పుడు వస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మట్టి నమూనాల కోసం ఏ ఊరికి వెళ్లినా, మట్టిని తొలిచి తీసే బర్మాను నేలలో దించకముందే నలుగురు చుట్టూ చేరతారు. అడిగే ప్రశ్నలు ఊరూరికీ పెద్దగా మారవు. నిలబడి మాట్లాడుకునేటప్పుడు సగం సగం చెప్పిన జవాబులను ఇక్కడ తీరిగ్గా, పూర్తిగా రాస్తున్నాను. లెక్కలు కొన్ని ఉన్నాయి. కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

ఫ్యాక్టరీ నీళ్లు మా చెరువులోకి వస్తున్నాయి. మా బోరుకు ఎన్నేళ్లలో చేరతాయి?

ఈ ప్రశ్నకు ఒక్క సంఖ్యతో జవాబు లేదు. ఎవరైనా ఒక్క సంఖ్య చెబితే అనుమానించండి. ఫ్యాక్టరీ నీళ్లు అనేవి ఒకే పదార్థం కాదు. అందులో ఉప్పు ఉంటుంది, లోహాలు ఉంటాయి, ద్రావకాలు ఉంటాయి, మందుల అవశేషాలు ఉంటాయి. చెరువులో అన్నీ కలిసే ఉన్నా, నేలలోకి దిగాక దేని దారి దానిదే.

అలిపిరి మెట్ల దారి గుర్తు చేసుకోండి. తెల్లవారుజామున ఒకేసారి బయల్దేరిన వాళ్లలో కొందరు ఎక్కడా ఆగకుండా కొండెక్కేస్తారు. కొందరు మండపం మండపానికీ కూర్చుంటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మొదటి వంద మెట్లు దాటేసరికే ఆయాసపడతారు. మెట్లు అందరికీ అవే. ఎంతసేపు కూర్చుంటారన్నదే తేడా. నేలలో నీళ్లు నడక అయితే మట్టి రేణువులు మండపాలు. ఉప్పులోని క్లోరైడు ఆగకుండా నడిచే మనిషి. సీసం మొదటి మండపంలోనే చాప వేసుకుని పడుకునే మనిషి.

అందుకే మొదట అడగాల్సింది "ఎప్పుడు వస్తుంది" అని కాదు, "ఏది వస్తుంది" అని.

నేల నీళ్లను వడకట్టదా? మా తాతలు చెలమ తవ్వుకుని తాగేవాళ్లు కదా.

తాగేవాళ్లు. బురదను, చాలా రకాల సూక్ష్మక్రిములను ఇసుక, మట్టి నిజంగానే ఆపుతాయి. కానీ నీళ్లలో కరిగిపోయిన పదార్థాన్ని జల్లెడ ఆపలేదు. చక్కెర కలిపిన నీళ్లను గుడ్డలో వడకడితే తీపి పోతుందా? కరిగినదాన్ని నేల ఆపాలంటే పట్టుకుని తీరాలి. పట్టు వేరు, వడపోత వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే "ఇరవై అడుగుల మట్టి ఉంది, ఏం కాదు" అన్న ధీమా వస్తుంది.

మరి మట్టి దేన్ని పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది?

ఈ విషయాన్ని మొదట గమనించినవాళ్లలో ఒక రైతు ఉన్నాడు. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో వ్యవసాయం చేసే థాంప్సన్ ఒక గొట్టంలో మట్టి నింపి, పైనుంచి అమ్మోనియం సల్ఫేటు ఎరువు కలిపిన నీళ్లు పోశాడు. కింద అమ్మోనియం సల్ఫేటు రాలేదు, కాల్షియం సల్ఫేటు వచ్చింది. మట్టి అమ్మోనియంను తన దగ్గర పెట్టుకుని, బదులుగా తన కాల్షియంను వదిలిందన్నమాట. ఆ ఫలితాలు 1850లో అచ్చయ్యాయి. జాన్ థామస్ వే అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని మరింత వివరంగా పరీక్షించాడు. ఇవాళ మనం చేసే లెక్కలకు పునాది అక్కడే పడింది.

బంకమన్ను రేణువుల మీద సాధారణంగా రుణావేశం, అంటే మైనస్ చార్జి ఉంటుంది. కాబట్టి ధనావేశం (ప్లస్ చార్జి) ఉన్న అమ్మోనియం, సీసం, కాడ్మియం, సీజియం లాంటివి అతుక్కుంటాయి. రుణావేశం ఉన్న నైట్రేటు, క్లోరైడు దాదాపు ఏ పట్టూ లేకుండా నీళ్లతోపాటే వెళ్లిపోతాయి.

ఆవేశం లేని పురుగుమందులు, ద్రావకాల సంగతి వేరు. అవి నీళ్లలో ఇమడలేక నేలలోని సేంద్రియ పదార్థంలో చేరతాయి. జిడ్డు నీళ్లలో ఉండలేక గుడ్డకు అంటుకున్నట్టు అనుకోండి. పశువుల ఎరువు పడిన పొలం వీటిని ఎక్కువగా పట్టుకుంటుంది, ఎండి తేలిపోయిన పొలం తక్కువగా పట్టుకుంటుంది.

ఇంకో పట్టు ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. మన ఎర్రనేలకు ఆ రంగునిచ్చే ఇనుము ఆక్సైడులు ఫాస్ఫేటును, ఆర్సెనిక్‌ను, గ్లైఫోసేట్ కలుపు మందును గట్టిగా పట్టుకుంటాయి. గ్లైఫోసేట్ నీళ్లలో బాగా కరుగుతుంది. "కరుగుతుంది కాబట్టి కిందికి దిగిపోతుంది" అనుకుంటాం. చాలా నేలల్లో అది పైపొరలోనే ఉండిపోతుంది. కరగడం చూసి కదలికను అంచనా వేయకూడదు.

సరే, ఎంత ఆలస్యమవుతుందో లెక్క కట్టవచ్చా?

కట్టవచ్చు. దీన్ని ఆలస్య గుణకం అంటారు. ఒక పదార్థం నీటికన్నా ఎన్ని రెట్లు నెమ్మదిగా కదులుతుందో అది చెబుతుంది. లెక్కకు మూడు సంఖ్యలు కావాలి. మొదటిది మట్టి సాంద్రత, లీటరుకు ఎన్ని కిలోలు అని. రెండోది మట్టిలో నీళ్లున్న ఖాళీ, మొత్తంలో ఎన్నో వంతు అని. మూడోది పంపిణీ గుణకం, అంటే కిలో మట్టి పట్టుకున్న మోతాదును లీటరు నీళ్లలో మిగిలిన మోతాదుతో భాగిస్తే వచ్చేది. సాంద్రతను నీటి వంతుతో భాగించి, పంపిణీ గుణకంతో గుణించి, ఒకటి కలపండి. అంతే.

మొక్కజొన్నలో కొట్టే కలుపు మందు అట్రాజిన్‌నే తీసుకుందాం. దాని పట్టు సేంద్రియ కర్బనం మీద ఆధారపడుతుంది. కర్బనం ఒక్కటే ఉన్న నేల అనుకుంటే గుణకం సుమారు 100. మన చెల్క నేలలో కర్బనం 0.5 శాతం అనుకుంటే పంపిణీ గుణకం 100 లో 0.5 శాతం, అంటే 0.5. మట్టి సాంద్రత 1.5, నీళ్ల వంతు 0.25 అనుకుంటే మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 6. ఆరును 0.5తో గుణిస్తే 3, ఒకటి కలిపితే 4. అట్రాజిన్ నీటికన్నా నాలుగు రెట్లు నెమ్మది. మెట్ల దారి భాషలో చెప్పాలంటే గంటలో పావుగంట నడక, ముప్పావుగంట మండపంలో.

ఇప్పుడు నీళ్ల వేగం. ఏడాది మొత్తంలో వేర్లు దాటి కిందికి ఇంకే నీళ్లు 100 మిల్లీమీటర్లు అనుకుందాం. నీళ్ల వంతు 0.25 కాబట్టి నీళ్లు ఏడాదికి 40 సెంటీమీటర్లు దిగుతాయి. అట్రాజిన్ 10 సెంటీమీటర్లు దిగుతుంది. పంపిణీ గుణకం 50 ఉన్న పదార్థమైతే ఆలస్యం 301 రెట్లు. ఏడాదికి మిల్లీమీటరున్నర కూడా కదలదు.

ఈలోగా సూక్ష్మజీవులు అట్రాజిన్‌ను విరగ్గొడుతూ ఉంటాయి. పైపొరలో దాని అర్ధాయువు సుమారు రెండు నెలలు. అంటే ఏడాదిలో ఆరుసార్లు సగమవుతుంది, చివరకు అరవై నాలుగో వంతు మిగులుతుంది. పది సెంటీమీటర్లు దిగేసరికి అంత తరిగిపోతే బోరుకు ప్రమాదమే లేదనిపిస్తుంది. కానీ ఐరోపా సమాఖ్య 2004లో అట్రాజిన్‌ను పక్కన పెట్టింది. కారణం, భూగర్భజలాల్లో అది లీటరుకు 0.1 మైక్రోగ్రాము పరిమితిని దాటి కనిపించడమే. మన లెక్క ఎక్కడ తప్పిందో తర్వాతి జవాబులో ఉంది.

మాది నల్లరేగడి. బంకమన్ను ఎక్కువ కాబట్టి ఏదీ కిందికి దిగదంటారు. నిజమేనా?

సగం నిజం. ఆ మిగతా సగమే ప్రమాదం.

నల్లరేగడిలో ఉండే స్మెక్టైట్ అనే బంక ఖనిజానికి ధనావేశ పదార్థాలను పట్టుకునే శక్తి ఎర్రనేల బంకకన్నా చాలా రెట్లు ఎక్కువ. కాగితం మీద చూస్తే ఇంతకన్నా మంచి కాపలాదారు లేడు. కానీ అదే ఖనిజం తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. మే నెలలో నల్లరేగడి చేలోకి వెళ్లి చూడండి. నెర్రెలలో చెయ్యి పడుతుంది. కర్ర దింపితే మీటరు లోతుకు కూడా పోతుంది. మృగశిర కార్తెలో పడే మొదటి పెద్దవాన ఆ నెర్రెల గుండా నేరుగా కిందికి పోతుంది. పైమట్టితో దానికి పరిచయమే ఉండదు. మండపాలున్న మెట్ల దారి పక్కన లిఫ్టు పెట్టినట్టే.

దీన్ని అడ్డదారి ప్రవాహం అంటారు. కొత్తగా కనిపెట్టింది కాదు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధన క్షేత్రంలో లాస్, గిల్బర్ట్, వారింగ్టన్ అనే ముగ్గురు 1882లోనే రాశారు. వానాకాలపు నీళ్లలో కొంత భాగం మట్టిలో ఇంకకుండా, పెద్ద రంధ్రాల గుండా వేగంగా దిగిపోతుందని గుర్తించారు. చెట్ల వేర్లు కుళ్లిపోయిన గుంతలు, వానపాముల దారులు, ఎలుక బొరియలు కూడా ఇదే పని చేస్తాయి. కాబట్టి ఎర్రనేల వాళ్లు కూడా నిశ్చింతగా ఉండలేరు.

"అడ్డదారిలో పోయేది కొంచెమే కదా" అంటే లెక్క చూడండి. ఎకరానికి 400 గ్రాముల అట్రాజిన్ అసలు మందు పడిందనుకుందాం. అందులో ఒక్క శాతం, 4 గ్రాములు, నెర్రెలలో పడి దిగిపోయింది. ఏడాదిలో 100 మిల్లీమీటర్ల నీళ్లు ఇంకితే ఎకరానికి సుమారు 4 లక్షల లీటర్లు. 4 గ్రాములు 4 లక్షల లీటర్లలో కలిస్తే లీటరుకు 10 మైక్రోగ్రాములు. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) తాగునీటి ప్రమాణంలో అట్రాజిన్‌కు పరిమితి లీటరుకు 2 మైక్రోగ్రాములు. 99 శాతం మందును నేల చక్కగా పట్టుకున్నా నీళ్లు తాగడానికి పనికిరాకుండా పోవచ్చు. ఈ చిన్న లెక్క చూపించాక రైతులు నెర్రెలున్న నేల మీద, వాన ముంగిట మందు కొట్టడం మానుకోవడం నేను చూశాను.

పటాన్‌చెరు గురించి ఎప్పుడూ చెబుతుంటారు. అక్కడ నేల ఏం చేసింది?

1970లలో మొదలైన పారిశ్రామిక వాడ అది, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో ఉంది. బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు), రసాయన పరిశ్రమల వ్యర్థాలు ఇసుకవాగులో, అక్కడి నుంచి నక్కవాగులో పడ్డాయి. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. చుట్టుపక్కల బావులు పాడయ్యాయి. సుప్రీంకోర్టులో 1990లో వ్యాజ్యం పడింది.

నేల ఒక్కో పదార్థాన్ని ఒక్కోలా నడిపించడం తెలుగు నేల మీద ఇంత స్పష్టంగా కనిపించే చోటు ఇంకొకటి నాకు తెలియదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వాళ్లు నీళ్లలో కరిగిన మొత్తం లవణాలను ఆధారంగా తీసుకుని అక్కడి భూగర్భజలాలకు కంప్యూటర్ మోడల్ తయారుచేశారు. కాలుష్యం అన్ని వైపులకూ సమానంగా పాకలేదు. వాగు వెంబడి ఉన్న ఒండ్రు, ఇసుక మేటల గుండా దూరం సాగింది. గ్రానైటు నేలలో వాగు ఒండ్రు అంటే నీళ్లకు తారు రోడ్డు వేసినట్టే.

అదే చోట 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఫలితాలు ప్రపంచాన్ని కదిలించాయి. మందులు తయారుచేసే సుమారు 90 కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఈ మందు అణువుకు తటస్థ నీళ్లలో ధనావేశం కూడా ఉంటుంది, అందువల్ల బంకను గట్టిగా పట్టుకుంటుంది. వాగు అడుగు మట్టిలో అది పేరుకుపోయింది. ఆ మట్టిలోని బ్యాక్టీరియాలో యాంటీబయాటిక్స్‌ను తట్టుకునే జన్యువులు పెద్ద ఎత్తున కనిపించాయి. ఉప్పు ముందుకు పోయింది, మందు వెనక ఉండిపోయింది. ఉండిపోయిన చోటే వేరే రకం కీడు చేసింది. "నేల పట్టేసుకుంది, ఇక భయం లేదు" అనేవాళ్లకు నేనిచ్చే జవాబు ఈ వాగే. పైగా చుట్టుపక్కల ఊళ్ల బావి నీళ్లలోనూ యాంటీబయాటిక్స్ ఆనవాళ్లు దొరికాయి. పట్టు ఎంత గట్టిదైనా, కుమ్మరించే మోతాదు అంతుంటే కొంత జారుతుంది.

యూరియా ఎక్కువ వేస్తే బోరు నీళ్లు పాడవుతాయా?

అవుతాయి, కానీ యూరియాగా కాదు. యూరియాకు ఆవేశం లేదు. వేసిన వెంటనే పెద్దవాన పడితే అది అలాగే కిందికి కారిపోతుంది. లేకపోతే కొద్ది రోజుల్లో అమ్మోనియంగా మారుతుంది, దాన్ని బంక పట్టుకుంటుంది. తర్వాత బ్యాక్టీరియా దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. ఆ క్షణంలో పట్టు వదిలిపోతుంది. నైట్రేటుకు ఆలస్య గుణకం దాదాపు ఒకటి, నీళ్లు ఎంత వేగమో అదీ అంతే.

పై లెక్క ప్రకారం నీళ్లు ఏడాదికి 40 సెంటీమీటర్లు దిగితే, 10 మీటర్ల లోతున్న నీటిమట్టానికి చేరడానికి 25 ఏళ్లు. ఈ ఏడాది బావిలో కనిపించే నైట్రేటు పాతికేళ్ల నాడు వేసిన ఎరువుది కావచ్చు. ఈ ఏడాది ఎరువు తగ్గించినా ఫలితం వెంటనే కనిపించకపోవచ్చు. ఇది వినగానే చాలామంది నిరుత్సాహపడతారు. కానీ ముందే తెలియడం మంచిది, లేకపోతే రెండేళ్లు చూసి "తగ్గించినా ఉపయోగం లేదు" అని పాత దారి పడతారు.

వరి మడిలో ఈ లెక్క మారుతుంది. రోజుకు 3 మిల్లీమీటర్లు ఇంకినా నాలుగు నెలల పంటకు 360, రెండు పంటలకు 720 మిల్లీమీటర్లు. నీళ్ల వేగం పెరుగుతుంది. అయితే నిలవనీటి కింద ఆక్సిజన్ అందని మట్టిలో కొన్ని బ్యాక్టీరియా నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తాయి. అందుకే వరి మళ్ల కింద కన్నా, నీళ్లు బాగా పెట్టే తేలిక నేలల్లోని కూరగాయలు, మిరప చేల కింద నైట్రేటు గురించి నాకు ఎక్కువ టెన్షన్. తాగునీటిలో పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. పాలపొడి నీళ్లలో కలిపి పట్టే పసిబిడ్డలకు ఇది దాటిన నీళ్లు చాలా ప్రమాదం.

నేల ఒకసారి పట్టుకున్నది మళ్లీ వదులుతుందా?

వదులుతుంది. అంచనాలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

క్రోమియంను చూడండి. క్రోమియం-3 అనే రూపంలో ఉంటే మట్టిలో దాదాపు కదలదు. క్రోమియం-6 అనే రూపంలో ఉంటే రుణావేశంతో, నీళ్లలో కరిగి, పరుగు తీస్తుంది, విషం కూడా చాలా ఎక్కువ. తమిళనాడులోని రాణిపేటలో మూతబడిన క్రోమేట్ కర్మాగారం దగ్గర లక్ష టన్నులకు పైగా వ్యర్థం గుట్టగా మిగిలింది. అక్కడి భూగర్భజలం పసుపు పచ్చగా మారింది. "క్రోమియం ఎంత ఉంది" అని మాత్రమే చెప్పే రిపోర్టు అలాంటి చోట సగం రిపోర్టే. ఏ రూపంలో ఉందో చెప్పాలి.

ఆర్సెనిక్ దీనికి వేరే ఉదాహరణ. బెంగాల్ డెల్టాలో దాన్ని ఎవరూ పారబోయలేదు. ఇనుము ఆక్సైడులు వేల ఏళ్లుగా పట్టుకుని ఉన్నాయి. ఆక్సిజన్ లేని లోతుల్లో ఆ ఆక్సైడులే కరిగేసరికి ఆర్సెనిక్ నీళ్లలోకి వచ్చింది. నల్లగొండ ఫ్లోరైడు కూడా పైనుంచి పడింది కాదు. గ్రానైటులోని ఖనిజాల నుంచి వస్తుంది. కాల్షియం తక్కువగా, సోడియం, బైకార్బనేటు ఎక్కువగా ఉన్న నీళ్లలో అది కరిగి ఉండగలదు. ఉమ్మడి నెల్లూరు ప్రాంతంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే నమోదు చేశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా వంగిన కాళ్లతో నడిచేవాళ్లను చూస్తే నాకు మాట రాదు.

ఎరువులు కూడా పట్టును సడలిస్తాయి. గ్లైఫోసేట్, ఫాస్ఫేటు రెండూ ఇనుము ఆక్సైడు మీద ఒకే చోటు కోసం పోటీ పడతాయి. ఫాస్ఫేటు ఉన్న డీఏపీ దండిగా పడిన నేలలో గ్లైఫోసేట్‌కు కూర్చునే చోటు తగ్గుతుంది.

చివరిది అన్నిటికన్నా మోసకారి. మట్టి పట్టుకుంది, కానీ ఆ మట్టి రేణువే నీళ్లతో కదిలిపోతే? అమెరికాలోని నెవాడా అణుపరీక్షల క్షేత్రంలో ప్లుటోనియం కదలదనే అనుకున్నారు. పరీక్ష జరిగిన చోటికి 1.3 కిలోమీటర్ల దూరంలోని భూగర్భజలంలో అది దొరికిందని 1999లో ప్రచురించారు. సుమారు 30 ఏళ్లలో అంత దూరం, కంటికి కనిపించని సూక్ష్మ రేణువుల మీద ఎక్కి ప్రయాణించింది.

పంపిణీ గుణకాన్ని పుస్తకంలో చూసి వేసుకుంటే చాలదా?

మొదటి అంచనాకు చాలు. నిర్ణయానికి చాలదు. ఒకే పదార్థానికి రెండు నేలల్లో ఈ సంఖ్య పది రెట్లు, కొన్ని లోహాలకు వంద రెట్లు కూడా తేడా వస్తుంది. పటాన్‌చెరులోనే ఉన్న ఇక్రిశాట్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ ఆవరణలో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. పది నిమిషాలు నడిస్తే గుణకం మారిపోతుంది.

కొలవడం కష్టం కాదు. మట్టిని ఆరబెట్టి, జల్లించి, తెలిసిన మోతాదు మందు కలిపిన నీళ్లలో వేసి ఒక రోజంతా ఊపుతారు. తేర్చి, నీళ్లలో ఎంత మిగిలిందో చూస్తారు. తగ్గినది మట్టి పట్టుకున్నది. కనీసం నాలుగైదు మోతాదుల్లో చేయాలి, ఎందుకంటే మట్టి దగ్గర చోటు అయిపోయేకొద్దీ పట్టు తగ్గుతుంది. తక్కువ మోతాదుతో కొలిచిన సంఖ్యను ఫ్యాక్టరీ కాలువ పక్కన వాడితే ఘోరంగా తప్పుతాం.

ఇంకా మంచిది గొట్టం పరీక్ష. నేల నుంచి తవ్వి తెచ్చిన గడ్డను చెదరకుండా గొట్టంలో ఉంచి, పైన నీళ్లు పోస్తూ, కింద వచ్చేదాన్ని గంట గంటకూ కొలవాలి. మందుతోపాటు బ్రోమైడు కూడా కలపాలి. బ్రోమైడును మట్టి పట్టుకోదు కాబట్టి అది నీళ్ల వేగం చెబుతుంది, మందు దాని వెనక ఎంత ఆలస్యంగా వస్తే అది పట్టు. మేమొకసారి నల్లరేగడిని పొడి చేసి గొట్టంలో దట్టించి చేశాం. మందు రోజుల తరబడి బయటికి రాలేదు, సంబరపడ్డాం. అదే పొలం నుంచి చెదరని గడ్డను తెచ్చి చేస్తే మొదటి గంటలోనే కొంత వచ్చేసింది. పొడి చేయడంతో నెర్రెలను మేమే చెరిపేశాం.

కంప్యూటర్ మోడళ్లు ఏవి వాడతారు? సామాన్యులు వాడగలరా?

నీటిమట్టం పైనున్న మట్టిపొరలకు హైడ్రస్-1డి ఎక్కువగా వాడతారు, ఉచితంగా దొరుకుతుంది. భూగర్భజలాలకు అమెరికా భూగర్భ సర్వే సంస్థ తయారుచేసిన మాడ్‌ఫ్లో, దానితోపాటు పదార్థాల రవాణాకు ఎంటీ3డీఎంఎస్ ఉన్నాయి. రసాయన చర్యలు ముఖ్యమైన చోట ఫ్రీక్ అనే ప్రోగ్రాము. ఎంఎస్సీ విద్యార్థులు నెల రోజుల్లో నేర్చుకోగలరు.

అయితే బటన్ నొక్కడం తేలిక. లోపల వేసే సంఖ్యలు పొలం నుంచి రావాలి. ఏ సంఖ్యలు కొలిచారు, ఏవి పుస్తకం నుంచి తెచ్చారు అని మోడల్ రిపోర్టు తెచ్చినవాళ్లను అడగండి. ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో రంగు రంగుల మ్యాపులు చూపించి కూర్చోబెడతారు. మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

మోడల్ చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

కెనడాలోని ఆంటారియోలో బోర్డెన్ అనే చోట 1982లో ఒక అరుదైన ప్రయోగం చేశారు. క్లోరైడు, బ్రోమైడుతోపాటు ఐదు రకాల ద్రావకాలు కలిపిన 12 ఘనమీటర్ల నీళ్లను ఇసుక పొరలోకి ఎక్కించి, వేల నమూనాలతో దాదాపు మూడేళ్లు వెంటపడ్డారు. అంత చక్కటి, ఒకే తీరు ఇసుకలో కూడా ఆలస్య గుణకం ఒక్క సంఖ్యగా నిలవలేదు. టెట్రాక్లోరోఇథిలీన్ అనే ద్రావకానికి మొదట్లో 2.7 ఉన్నది చివరికి 5.9కి చేరింది. ఇసుక రేణువుల లోపలికి అది నెమ్మదిగా చొచ్చుకుపోవడం దానికి చెప్పే ముఖ్య కారణాల్లో ఒకటి. రెండేళ్ల చూపుతో చెప్పిన జవాబు, రెండు నెలల చూపుతో చెప్పిన జవాబు వేరువేరుగా ఉన్నాయి.

కాబట్టి "2041లో మీ బావికి వస్తుంది" అని చెప్పే మోడల్‌ను నమ్మకండి. "పది నుంచి నలభై ఏళ్ల మధ్య, వాగు వైపే ముందు" అని చెప్పేదాన్ని నమ్మండి. ఏది ముందొస్తుంది, ఎటు వెళుతుంది, ఏ సంఖ్య మారితే జవాబు తలకిందులవుతుంది అన్నవాటిలో మోడల్ నిజంగా ఉపయోగపడుతుంది. ఎక్కడ గమనిక బావి తవ్వాలో అది చెబుతుంది. ఆ ఒక్క పనికైనా దాన్ని వదులుకోను.

మా బోరు 300 అడుగులు. అంత లోతుకు ఏం వస్తుంది?

లోతు మీకు ధైర్యమిస్తుంది, రాయి ఇవ్వదు. గ్రానైటులో నీళ్లు పగుళ్లలోనే ఉంటాయి. బోరు వేసేవాళ్లు "గ్యాప్ తగిలింది" అనేది దాన్నే. ఆ పగులు ఎక్కడో పైకి తేలి ఉంటుంది, చెరువు కిందో, వాగు కిందో. రాతిలో నీళ్లున్న ఖాళీ చాలా తక్కువ కాబట్టి అవే నీళ్లు అక్కడ చాలా వేగంగా కదులుతాయి. పట్టుకోవడానికి బంక కూడా ఉండదు. కేసింగ్ పైపు గట్టి రాయి తగిలేదాకా దించకపోయినా, పైపు చుట్టూ సిమెంటుతో మూయకపోయినా, పైనున్న మురికి పైపు పక్క నుంచే జారుతుంది. ఖర్చు తగ్గించుకోవాలని చాలామంది తగ్గించేది అక్కడే.

ఫ్యాక్టరీ మూసేశారు. ఇక నీళ్లు బాగవుతాయా?

క్లోరైడు, నైట్రేటు లాంటివి వానలకు మెల్లగా పలచబడతాయి. పట్టున్నవి అలా పోవు. ఆలస్య గుణకం 50 ఉంటే, మట్టి ఖాళీలన్నీ నిండేంత మంచినీళ్లు కనీసం 50 సార్లు పారాలి. నిజానికి ఇంకా ఎక్కువే, ఎందుకంటే బంక పొరల్లోకి చొచ్చుకుపోయింది వెనక్కి రావడానికి వెళ్లినదానికన్నా ఎక్కువ కాలం పడుతుంది. అమెరికాలో కలుషిత భూగర్భజలాన్ని తోడి శుద్ధి చేసే కేంద్రాలు చాలాచోట్ల ఇదే అనుభవం చూశాయి. పంపు నడిచినన్నాళ్లు నీళ్లు బాగున్నట్టు కనిపించాయి, ఆపిన కొన్నాళ్లకు నీళ్లలో కాలుష్యం మళ్లీ పెరిగింది.

సాయిల్ హెల్త్ కార్డులో ఇవన్నీ ఉంటాయా?

ఉండవు. అందులోని 12 అంశాలు పంట పోషకాలకు, పీహెచ్, లవణీయత, సేంద్రియ కర్బనానికి సంబంధించినవి. పురుగుమందులు, సీసం, క్రోమియం చూడరు. అయినా ఆ కార్డును పారేయకండి. పైన అట్రాజిన్ లెక్కలో కావలసిన కర్బనం శాతం ఆ కార్డులో ఉంటుంది. మీ కార్డు మీద ఉన్న అంకె వేసి మళ్లీ లెక్క కట్టండి. 0.3 ఉన్న పొలానికి, 0.8 ఉన్న పొలానికి జవాబు ఎంత మారుతుందో మీకే కనిపిస్తుంది.

మేమే నమూనాలు తీసి పంపాలంటే ఎలా?

బోరును పది, పదిహేను నిమిషాలు నడిపాకే నీళ్లు పట్టండి, పైపులో నిలిచిన నీళ్లు ఏమీ చెప్పవు. లోహాలకు ప్లాస్టిక్ సీసా, పురుగుమందులకు ముదురు రంగు గాజు సీసా. ల్యాబు నుంచే సీసాలు తెచ్చుకుంటే మంచిది, లోహాల సీసాలో వేయాల్సిన ఆమ్లం వాళ్లే వేసి ఇస్తారు. ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు పంపండి. వాగుకు ఎగువన ఉన్న, కాలుష్యం తగలని బావి నీళ్లు కూడా తప్పకుండా పంపాలి. పోల్చడానికి అది లేకపోతే ఫ్యాక్టరీ వాళ్లు "మీ నేల స్వభావమే అంత" అంటారు, మీ దగ్గర జవాబు ఉండదు. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తీయండి.

మట్టిని 15, 30, 60, 90 సెంటీమీటర్ల లోతుల్లో విడివిడిగా తీసి విడి సంచుల్లో వేయండి. అన్నీ కలిపితే ఏది ఎంత దిగిందో తెలిసే దారి మూసుకుపోతుంది. నల్లరేగడిలో నెర్రె గోడకు అంటిన మట్టిని చెంచాతో గీకి వేరే సంచిలో పెట్టి, దాని మీద "నెర్రె" అని రాయండి. పొలంలో రుణావేశాలు, గుణకాలు తెలియనక్కర్లేదు. ఆ సంచి ఒక్కటి వేరుగా వస్తే ల్యాబులో మాకు సగం పని అయిపోయినట్టే.

ప్రతి నమూనాకూ డబ్బు పెట్టలేమంటే, లవణీయత కొలిచే చిన్న మీటరు ఒకటి కొని ఊరి యువకుల్లో ఒకరికి ఇవ్వండి. నెలకోసారి అవే బావుల్లో ముంచి నోటుబుక్కులో రాయమనండి. ఉప్పు అన్నిటికన్నా ముందు వస్తుందని చెప్పాను కదా. ఆ అంకె వాన లేకుండా పెరగడం మొదలైన నెలలోనే ఖరీదైన పరీక్షకు డబ్బు పెట్టండి.